వృద్ధులు వాహనం నడపగలరో లేదో తేల్చడం: కుటుంబ వైద్యులకు సమగ్ర మార్గదర్శి

డెబ్భై ఐదేళ్లు దాటిన వ్యక్తి ఇంకా కారు నడపవచ్చా అన్న ప్రశ్న కుటుంబ వైద్యుని ముందుకు సూటిగా రావడం అరుదు. లైసెన్సు పునరుద్ధరణకు సంతకం కోరే ఫారం రూపంలో వస్తుంది. "నాన్నగారు బండి తీస్తుంటే ఈమధ్య భయమేస్తోంది, మీరే ఏదో ఒకటి చెప్పండి" అంటూ కూతురో కొడుకో చేసే ఫోన్ రూపంలో వస్తుంది. పక్షవాతం నుంచి కోలుకుని ఇంటికి వెళ్తున్న రోగి తలుపు దగ్గర ఆగి అడిగే చివరి మాటగా వస్తుంది. ఎక్కువసార్లు అసలు రానే రాదు, ఎందుకంటే అడిగితే ఏ సమాధానం వస్తుందోనని రోగి అడగడు, రక్తపోటూ షుగరూ చూసే హడావుడిలో వైద్యునికి గుర్తు రాదు.

ఈ అంచనా మొత్తం ఒక వెతుకులాటగా సాగాలన్నది నా దృఢమైన అభిప్రాయం. నడపడానికి అడ్డొస్తున్నది ఏమిటి, అందులో సరిచేయగలిగినది ఎంత అన్నది ముందు తేలాలి. నడపవచ్చా మానాలా అన్న తీర్పు ఆ తర్వాతే రావాలి. ఈ వరుస తారుమారైతే రెండు రకాల అన్యాయాలు జరుగుతాయి. కంట్లో శుక్లం తీయిస్తే మరికొన్నేళ్లు నిశ్చింతగా నడపగలిగిన మనిషి వయసు పేరుతో ఇంటికే పరిమితమవుతాడు; తాను ఎంత మారిపోయాడో తానే గుర్తించలేని మనిషి మర్యాదగా మాట్లాడుతున్నాడన్న ఒకే కారణంతో రోడ్డు మీద మిగిలిపోతాడు.

ముందుగా తెలుసుకోవలసినది: వయసుకూ ప్రమాదానికీ ఉన్న సంబంధం

వయసు ఒక జబ్బు కాదు. వృద్ధులు సాధారణంగా అతివేగంతోనూ మద్యం మత్తులోనూ నడపరు. చీకటి పడ్డాక, వాన కురిసేటప్పుడు, రద్దీ వేళల్లో బయటికి తీయకుండా తమంతట తామే జాగ్రత్త పడేవారు చాలామంది. అయినా నడిపిన ప్రతి కిలోమీటరుకూ లెక్క వేస్తే డెబ్భైల మధ్య నుంచి ప్రమాదాల రేటు పెరుగుతుంది. ఈ లెక్కను చదివేటప్పుడు రెండు విషయాలు మనసులో ఉంచుకోవాలి. తక్కువ దూరం నడిపేవారు ఎక్కువగా కూడళ్లున్న ఊరి వీధుల్లోనే తిరుగుతారు కాబట్టి, ఏ వయసువారికైనా అలాంటి చోట కిలోమీటరుకు ప్రమాదాలు ఎక్కువే. పైగా ముసలి ఎముకలు, పల్చబడ్డ ఛాతీ గూడు చిన్న దెబ్బకే విరుగుతాయి కాబట్టి, యువకుడు లేచి దుమ్ము దులుపుకుని వెళ్లిపోయే ప్రమాదంలో వృద్ధులు ప్రాణాలు కోల్పోతారు.

ప్రమాదాల తీరు కూడా వేరుగా ఉంటుంది. ఎదురుగా వచ్చే వాహనాల వరుసను దాటుకుంటూ మలుపు తిరగడం, కూడలిలో ఎవరికి ముందు దారి ఇవ్వాలో నిర్ణయించడం, ఒక వరుసలోంచి మరో వరుసలోకి మారడం, ఇవే వృద్ధులకు ఎక్కువగా దెబ్బతీసే సందర్భాలు. ఈ మూడింటికీ ఒకేసారి చూడటం, అంచనా కట్టడం, మెడ తిప్పడం, కాలు కదపడం అవసరం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు తొక్కడంలో అర సెకను ఆలస్యమైతే రెండు కార్ల పొడవు దూరం చేజారిపోతుంది. కనుక మన పరీక్ష చూపు, ఆలోచన, శరీరం అనే మూడింటినీ తడమాలి. వాటిలో ఒక్కదాన్నే చూసి వదిలేసే పరీక్ష, ఎంత శ్రద్ధగా చేసినా, అరకొర పరీక్షే.

మొదటి అడుగు: ప్రస్తావన ఎప్పుడు తేవాలి

ప్రమాదం జరిగాక మొదలుపెట్టే సంభాషణ ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. రోగి బాగున్నప్పుడే, ఏటా జరిగే సాధారణ పరీక్షలో భాగంగా, "మీరు ఇంకా డ్రైవ్ చేస్తున్నారా? వారంలో ఎన్ని రోజులు, ఎంత దూరం?" అని అడిగి నమోదు చేసుకోవడం ఉత్తమం. అప్పుడది నింద కాదు, పొగతాగుతారా అని అడిగినంత మామూలు ప్రశ్న. ఈ అలవాటున్న వైద్యునికి మరో లాభం కూడా ఉంది: మూడేళ్ల కిందట రోగి ఎక్కడెక్కడికి వెళ్లేవాడో తెలిస్తే, ఇప్పుడు ఎందుకు తగ్గించాడో అడగవచ్చు. తెలిసిన మనిషిలో వచ్చిన మార్పును కనిపెట్టగలగడమే కుటుంబ వైద్యుని అసలు బలం. ఒకసారి మాత్రమే చూసే నిపుణునికి ఆ సౌకర్యం లేదు.

సాధారణ వరుస ప్రకారం కాకుండా వెంటనే అంచనా మొదలుపెట్టవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి: కారణం తెలియకుండా స్పృహ తప్పడం, పక్షవాతం లేదా కొద్దిసేపే ఉండి పోయిన పక్షవాత లక్షణాలు, మూర్ఛ, పదేపదే పడిపోవడం, షుగరు బాగా పడిపోయి ఇతరుల సహాయం కావలసి రావడం, మతిమరుపు గురించి ఇంట్లోవారి ఆందోళన, నిద్రమాత్రో నొప్పి మందో కొత్తగా మొదలవడం, చిన్నదైనా సరే ఒక రోడ్డు ప్రమాదం.

రెండవ అడుగు: ఎవరిని అడగాలి, ఏమి అడగాలి

ముందు రోగిని ఒంటరిగా, తొందరలేకుండా అడగండి. తెలిసిన దారిలో ఎప్పుడైనా తికమకపడ్డారా, వెనకనుంచి హారన్లు ఎక్కువగా వినిపిస్తున్నాయా, హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో గుచ్చుకుంటోందా, పార్కింగులో గీతలూ సొట్టలూ పడుతున్నాయా, నడుపుతూ కునుకు పట్టిందా, ఏ దారులు మానేశారు, ఎందుకు మానేశారు అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబే తరచుగా అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే తన లోపాన్ని తెలుసుకుని సర్దుకున్న మనిషికీ ఏ మార్పూ గమనించని మనిషికీ తేడా అక్కడే బయటపడుతుంది.

ఆ తర్వాత, రోగి అనుమతితో, పక్క సీట్లో కూర్చునే వ్యక్తితో విడిగా మాట్లాడాలి. అమెరికా నాడీవైద్యుల అకాడమీ 2010లో డిమెన్షియా (మతిని క్రమంగా దెబ్బతీసే జబ్బు) రోగుల డ్రైవింగుపై ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక మాట ప్రతి వైద్యుడూ గుర్తుంచుకోదగినది: దగ్గర మనిషి "ఈయన నడపడం సురక్షితంగా లేదు" అంటే ఆ మాటకు విలువ ఉంది, రోగి "నేను బాగానే నడుపుతున్నాను" అంటే ఆ మాట మీద ఆధారపడలేము. కుటుంబాన్ని అడగదగిన ప్రశ్నల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది ఇది: "ఆయన నడుపుతుంటే పక్కన పిల్లల్ని ఒంటరిగా పంపుతారా?" సుదీర్ఘ ప్రశ్నావళి బయటపెట్టలేని సంగతిని ఈ ఒక్క ప్రశ్న తర్వాత వచ్చే మౌనం బయటపెడుతుంది.

అయితే కుటుంబం మాటకు కూడా రెండు అంచులున్నాయి. భర్త నడపకపోతే బయటికి వెళ్లే దారే లేని భార్య, ఆయన లోపాలను తెలియకుండానే కప్పిపుచ్చవచ్చు. ఆస్తి విషయంలోనో మరో దానిలోనో తండ్రితో తగువున్న కొడుకు అతిశయోక్తిగా చెప్పవచ్చు. కనుక "బాగా నడపడం లేదు" వంటి అభిప్రాయాలను కాక, "గత నెలలో ఎర్ర లైటు దాటేశారు", "రివర్సు గేరు వేసి ముందుకు చూస్తున్నారు" వంటి సంఘటనలను అడిగి రాసుకోవాలి.

మూడవ అడుగు: మందుల సంచి

సరిచేయగల కారణాల్లో మొదట చూడవలసినది ఇదే. రోగి ఇంట్లో వాడుతున్న మందులన్నీ, దుకాణంలో చీటీ లేకుండా కొన్నవి సహా, సంచిలో వేసి తెమ్మనండి. డయజిపామ్, లోరాజిపామ్, క్లోనాజిపామ్ వంటి మత్తుమందులు, జోల్‌పిడెమ్ వంటి నిద్రమాత్రలు, కుంగుబాటుకూ నరాల నొప్పికీ వాడే అమిట్రిప్టిలిన్, జలుబుకూ దురదకూ వాడే పాతతరం అలర్జీ మాత్రలు, కండరాల బిగువు తగ్గించే మందులు, ట్రమడాల్ మొదలైన నొప్పి మందులు, మానసిక వ్యాధుల మందులు కొన్ని, ఇవన్నీ వృద్ధుల స్పందనను నెమ్మదింపజేస్తాయి. రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం పొద్దునకూ మిగిలి ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో స్త్రీలకు జోల్‌పిడెమ్ మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమన్నది సరిగ్గా ఈ కారణంతోనే: మరునాడు ఉదయం డ్రైవింగును దెబ్బతీసేంత మందు రక్తంలో మిగులుతోంది.

పార్కిన్సన్ వ్యాధికి వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ గురించి ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే వాటివల్ల కొందరికి ముందుగా మగత రాకుండానే ఒక్కసారిగా నిద్ర ముంచుకొస్తుంది. రక్తపోటు మందులు, ప్రోస్టేటు మందులు కలిసినప్పుడు నిలబడగానే బీపీ పడిపోవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపు మరోసారి కొలిస్తే, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే అది లెక్కలోకి తీసుకోవలసిన పతనం.

ఒక హెచ్చరిక. మత్తుమందులను ఏళ్ల తరబడి వాడుతున్నవారికి ఒక్కసారిగా ఆపకూడదు, మూర్ఛ రావచ్చు. వారాల మీద మెల్లగా తగ్గించాలి, ఆ వ్యవధిలో నడపవద్దని చెప్పాలి, తగ్గించాక మళ్లీ పరీక్షించాలి. ఈ ఒక్క పనితోనే "మతిపోయింది" అనుకున్న మనిషి తేరుకున్న సందర్భాలు వైద్యులందరికీ అనుభవమే.

నాలుగవ అడుగు: చూపు

గోడ మీది అక్షరాల పట్టికతో దూరపు చూపును కళ్లజోడు పెట్టించి కొలవాలి. రెండు కళ్లతో కలిపి 6/12 (మామూలు చూపు పన్నెండు మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచి చదవగలగడం) అన్నది అనేక దేశాలు సొంత కార్లకు పెట్టుకున్న కనీస హద్దు. మీ దగ్గర చట్టం ఏమంటుందో సరిచూసుకోండి. కానీ అక్షరాలు చదవగలిగినంత మాత్రాన పని అయిపోదు. ఎదురెదురుగా కూర్చుని వేళ్లు కదిలిస్తూ చేసే పక్కచూపు పరీక్షను వైద్యులు తరచుగా వదిలేస్తారు. నీటికాసుల వ్యాధి, పక్షవాతం దెబ్బతీసేది ఆ పక్కచూపునే. పక్షవాతం తర్వాత రెండు కళ్లలోనూ ఒకే వైపు సగం దృశ్యం పోయినవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. అడ్డంగా కనీసం 120 డిగ్రీల వ్యాప్తి ఉండాలన్నది బ్రిటన్‌లోనూ ఐరోపా సమాఖ్యలోనూ ఉన్న నియమం. అనుమానం ఉంటే యంత్రంతో చేసే పరీక్షకు కంటి వైద్యుని దగ్గరకు పంపాలి.

పట్టికలో 6/9 చదివే రోగి కూడా మసక వెలుగులో నల్ల బట్టలు కట్టుకున్న పాదచారిని చూడలేకపోవచ్చు. శుక్లం మొదట దెబ్బతీసేది ఇలా వెలుగునీడల తేడాను పట్టే శక్తినే. 2002లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో శుక్లం ఆపరేషన్ చేయించుకున్న వృద్ధుల ప్రమాదాల రేటు, చేయించుకోనివారితో పోలిస్తే దాదాపు సగమే ఉంది. డ్రైవింగు విషయంలో ఇంత స్పష్టమైన ఫలితమిచ్చే చికిత్సలు ఎక్కువ లేవు. కనుక శుక్లం ఉందని తెలిస్తే, నడపవద్దని చెప్పి ఊరుకోకుండా, ఆపరేషనుకు పంపి ఆ తర్వాత తిరిగి చూడటమే సరైన పద్ధతి.

ఐదవ అడుగు: ఆలోచనాశక్తి

ఇక్కడే వైద్యులు ఎక్కువగా తడబడతారు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. డ్రైవింగుకు కావలసినది పేర్లూ తేదీలూ గుర్తుంచుకునే జ్ఞాపకశక్తి కన్నా, ఒకేసారి రెండు పనుల మీద ధ్యాస నిలపడం, దృశ్యంలో దూరాలనూ దిశలనూ అంచనా కట్టడం, పరిస్థితి మారగానే నిర్ణయం మార్చుకోవడం. అందువల్ల జ్ఞాపకశక్తిని మాత్రమే పరీక్షిస్తే అసలు విషయం జారిపోతుంది.

మొదటి పరీక్ష గడియారం గీయించడం. తెల్ల కాగితం ఇచ్చి, గుండ్రని గడియారం గీసి అంకెలన్నీ వేసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమనండి. అంకెలన్నీ ఒక వైపే గుమిగూడినా, ముల్లు పది అంకె మీదకు వెళ్లినా, ప్రణాళికాశక్తీ దృశ్యజ్ఞానమూ దెబ్బతిన్నాయని అనుమానించాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు.

రెండవది దారి కలిపే పరీక్షలో రెండవ భాగం. కాగితమంతా చెల్లాచెదురుగా ఉన్న అంకెలనూ అక్షరాలనూ ఒకటి విడిచి ఒకటిగా, 1 తర్వాత మొదటి అక్షరం, ఆపైన 2, దాని వెంట రెండవ అక్షరం, ఇలా వరుసగా గీతతో కలుపుకుంటూ పోవాలి. మూడు నిమిషాలు దాటినా, మూడు లేదా అంతకన్నా ఎక్కువ తప్పులు చేసినా డ్రైవింగు మీద గట్టి సందేహం కలగాలన్నది వైద్యులు వాడే సులువైన కొలమానం. ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం: రోగికి ధారాళంగా వచ్చిన లిపిలోనే పరీక్ష పెట్టాలి, బడికి పెద్దగా వెళ్లని మనిషిని కాలేజీ చదువుకున్నవారి కొలమానంతో కొలవకూడదు. కలం పట్టుకుని దశాబ్దాలైన రైతు ఈ పరీక్షలో ఆలస్యం చేస్తే అది అలవాటు లేకపోవడం కావచ్చు.

మూడవది, ప్రశ్నలడిగి మేధాశక్తిని మార్కులతో కొలిచే మినీ మెంటల్ పరీక్ష గానీ మోకా పరీక్ష గానీ. రెండింటికీ 30 మార్కులు. మినీ మెంటల్‌లో 24 లేదా అంతకన్నా తక్కువ, మోకాలో 18 లేదా అంతకన్నా తక్కువ వస్తే లోతుగా చూడాలి. ఈ అంకెలు తలుపు తట్టేవే తప్ప తీర్పు చెప్పేవి కావు. 27 వచ్చిన మనిషి ముందుభాగపు మెదడు జబ్బువల్ల ఎర్ర లైటును లెక్కచేయకుండా దూసుకుపోవచ్చు. 23 వచ్చిన మరో మనిషి నలభై ఏళ్లుగా నడిపిన దారిలో ఏ పొరపాటూ చేయకపోవచ్చు. మార్కు ఒక వైపూ, ఇంట్లోవారు చెప్పిన సంఘటనలు మరో వైపూ చూపిస్తుంటే, నేను సంఘటనల వైపే ఎక్కువ మొగ్గుతాను.

తక్కువ మార్కులు వచ్చినవారిలో కుంగుబాటు, థైరాయిడ్ తగ్గడం, బి12 లోపం, వినికిడి సమస్య, ఇటీవలి జ్వరంతో వచ్చిన తాత్కాలిక అయోమయం లేవని నిర్ధారించుకోవాలి. ఇవన్నీ చికిత్సకు లొంగేవే.

డిమెన్షియా ఖాయమైతే దాని దశను నిర్ణయించాలి. మధ్యస్థ దశకు చేరినవారు, అంటే బట్టలు కట్టుకోవడానికీ డబ్బు లెక్కలకూ ఇతరుల సాయం కావలసినవారు, నడపకూడదన్నదాంట్లో నిపుణుల మధ్య భేదాభిప్రాయం లేదు. తొలిదశలో ఉన్నవారిలో కొందరు ఇంకా సురక్షితంగా నడపగలరు. వారికి రోడ్డు మీద పరీక్ష పెట్టించి, ప్రతి ఆరు నెలలకూ తిరిగి చూడాలి, ఎందుకంటే ఈ జబ్బు వెనక్కి తిరిగేది కాదు. లేనివి కనిపించే లూయీ బాడీ రకంలోనూ, నిగ్రహం సడలే ముందుభాగపు రకంలోనూ ఇంకా ముందుగానే ఆపమనడం మేలు.

ఆరవ అడుగు: శరీరం

దీనికి గదిలో కుర్చీ, నడిచేందుకు మూడు మీటర్ల చోటు చాలు. మూడు మీటర్లు వీలైనంత వేగంగా నడిచి వెనక్కి రమ్మనండి. మొత్తం తొమ్మిది సెకన్లు దాటితే కాళ్ల బలాన్నీ నిలకడనూ వివరంగా చూడాలి. కుర్చీలో కూర్చోబెట్టి, వెనక గోడ మీద ఉన్నదాన్ని భుజం మీదుగా చూసి చెప్పమంటే మెడా నడుమూ ఎంత తిరుగుతున్నాయో తెలుస్తుంది. భుజాలు, మోచేతులు, పిడికిలి పట్టు, కుడి పాదాన్ని పైకీ కిందికీ బలంగా కదపడం కూడా చూడాలి.

దీర్ఘకాలం షుగరు ఉన్నవారి పాదాలను తప్పనిసరిగా పరీక్షించండి. స్పర్శ పోయిన పాదానికి తాను బ్రేకు మీద ఉందో యాక్సిలరేటర్ మీద ఉందో తెలియదు. మెడ నొప్పికీ మోకాలి బిగువుకూ ఫిజియోథెరపీ పనిచేస్తుంది; ఆటోమేటిక్ గేరు, పెద్ద అద్దాలు, చేతితో వాడే బ్రేకు వంటి మార్పులతో కాలు బలహీనమైనవారు కూడా నడపగలరు. చెవుడు ఒక్కటే డ్రైవింగును నిషేధించే కారణం సాధారణంగా కాదు.

ఏడవ అడుగు: ప్రత్యేక జబ్బులు

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి స్టీరింగు ముందు షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. బయల్దేరే ముందు, దూర ప్రయాణంలో ప్రతి రెండు గంటలకూ చూసుకోవడం మంచిది. డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని బయల్దేరాలి; 70 కన్నా తక్కువైతే నడపకూడదు, తీపి తీసుకుని షుగరు మామూలు స్థాయికి వచ్చిన తర్వాత కూడా 45 నిమిషాలు ఆగాలి, ఎందుకంటే రక్తం కన్నా మెదడు ఆలస్యంగా తేరుకుంటుంది. షుగరు పడిపోతున్నట్టు వణుకూ చెమటా తెలియడం మానేసినవారు, ఆ ఎరుక తిరిగి వచ్చేదాకా నడపకూడదు. వృద్ధుల్లో షుగరును మరీ గట్టిగా అదుపు చేయవలసిన అవసరం ఉందా అని వైద్యుడు తన చీటీనే తిరిగి చూసుకోవలసిన సందర్భం కూడా ఇదే.

పక్షవాతం తర్వాత బ్రిటన్‌లో కనీసం ఒక నెల నడపకూడదు. ఆపైన చూపు, ధ్యాస, కాళ్లూచేతులు తిరిగి పరీక్షించాలి. చెయ్యి బాగైనా ఒక వైపు ప్రపంచాన్ని పట్టించుకోని స్థితి మిగిలి ఉండవచ్చు, అది చేతి బలహీనత కన్నా ప్రమాదకరం. గురకతో నిద్రలో ఊపిరి ఆగేవారికి ఎప్‌వర్త్ (పగటి మగతను కొలిచే) ప్రశ్నావళిలో 24కు 10 దాటితే నిద్ర పరీక్ష చేయించాలి. నిద్రలో మాస్కు ద్వారా గాలిని పంపే యంత్రం వాడటం మొదలుపెట్టి పగటి మగత తగ్గితే తిరిగి నడపవచ్చు. కారణం తెలియకుండా స్పృహ తప్పినవారు గుండె పరీక్షలు పూర్తయ్యేదాకా నడపకూడదు.

ఎనిమిదవ అడుగు: నిర్ణయం

ఇప్పుడు చేతిలో ఉన్నవన్నీ కలిపి చూడండి. ఏ అడ్డంకీ కనిపించనివారికి ఏడాదికి తిరిగి రమ్మనవచ్చు. సరిచేయగల అడ్డంకి ఉన్నవారికి, అది సరయ్యేదాకా తాత్కాలికంగా ఆపమని, ఎప్పుడు తిరిగి చూస్తామో తేదీతో సహా చెప్పాలి. తేదీ లేని "కొన్నాళ్లు ఆగండి" ఎవరూ పాటించరు. మధ్యస్థ డిమెన్షియా, సరిదిద్దలేని చూపు లోపం, అదుపులేని మూర్ఛ ఉన్నవారికి ఆపమని స్పష్టంగా చెప్పాలి, రోడ్డు పరీక్ష పేరుతో నాన్చకూడదు.

ఈ రెండు అంచుల మధ్య మిగిలేవారే ఎక్కువ. వారిని ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యాన్ని చూసే నిపుణుడు) లేదా శిక్షణ పొందిన పరీక్షకుడు రెండు వైపులా బ్రేకు ఉన్న కారులో, నిజమైన రోడ్డు మీద పరీక్షించాలి. గదిలోని ఏ కాగితపు పరీక్షా దానికి సాటిరాదు. పంపేటప్పుడు "డ్రైవింగు సామర్థ్యం చూడగలరు" అని ఒక వాక్యం రాసి వదిలేయకుండా, మీకు ఎక్కడ అనుమానం ఉందో, పక్కచూపా, నిర్ణయ వేగమా, దారి తప్పడమా, వివరంగా రాస్తే ఆ పరీక్షకుడు సరైన కూడళ్లకే తీసుకెళ్తాడు.

షరతుల గురించి ఒక మాట. పగటిపూట మాత్రమే, తెలిసిన దారిలో మాత్రమే అన్న పరిమితులు చూపు లేదా శరీర లోపం ఉన్నవారికి బాగా ఉపయోగపడతాయి. డిమెన్షియా ఉన్నవారికి అవి పనిచేయవు, పెట్టిన షరతును గుర్తుంచుకుని పాటించవలసిన మెదడే దెబ్బతిన్నది కాబట్టి. అలాగే "పక్కన నేను కూర్చుని చెబుతాను" అని భార్యో భర్తో ముందుకొస్తే దాన్ని పరిష్కారంగా అంగీకరించవద్దు. బ్రేకు తొక్కవలసిన క్షణంలో పక్కవారి మాట అందేలోపే సమయం దాటిపోతుంది.

తొమ్మిదవ అడుగు: చట్టం, గోప్యత, నమోదు

నియమాలు దేశానికో రకంగా ఉన్నాయి. బ్రిటన్‌లో డెబ్భై దాటాక మూడేళ్లకోసారి లైసెన్సు పునరుద్ధరించుకోవాలి, జబ్బు సంగతి అధికారులకు తెలపడం ముందుగా డ్రైవరు బాధ్యత. జపాన్‌లో డెబ్భై ఐదు దాటినవారు పునరుద్ధరణ సమయంలో మేధాశక్తి పరీక్షకు హాజరు కావాలి. కాలిఫోర్నియాలో డిమెన్షియాను వైద్యుడే తెలియజేయాలి. భారతదేశంలో నలభై దాటినవారు వైద్య ధ్రువపత్రం ఇవ్వాలి, యాభై ఐదు దాటాక పునరుద్ధరణ ఐదేళ్లకోసారి. మీ దగ్గర వైద్యుని మీద ఉన్న బాధ్యత ఏమిటో అవసరం పడకముందే తెలుసుకుని ఉంచుకోండి.

చెప్పినా రోగి ఆపకుండా ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తుంటే గోప్యతకు మినహాయింపు ఇచ్చే నియమాలు చాలాచోట్ల ఉన్నాయి. ఆ పని చేయబోతున్నట్టు రోగికి ముందే చెప్పడం నైతిక బాధ్యత. ఏ పరీక్ష చేశారు, ఏమి తేలింది, ఏ మాటల్లో సలహా ఇచ్చారు, ఎవరి సమక్షంలో ఇచ్చారు అన్నవన్నీ ఆ రోజే కేసు కాగితంలో రాయండి.

పదవ అడుగు: ఆపమని చెప్పడం

పరీక్షలన్నిటికన్నా కష్టమైన పని ఇది. నిర్ణయం వైద్యునిదిగానే ఉండాలి; "మీ పిల్లలు భయపడుతున్నారు" అని చెబితే ఆ కోపం ఏళ్ల తరబడి ఆ ఇంట్లో మండుతుంది. కారణాన్ని శరీరంలో చూపించండి: "చాలా ఏళ్ల షుగరు మీ పాదాల నరాలను దెబ్బతీసింది. మీ కాలు బ్రేకు మీద ఉందో లేదో మీకు తెలియడం లేదని ఇప్పుడే చూశాం. ఇది మీ తప్పు కాదు, మీ నైపుణ్యం తగ్గడమూ కాదు. కానీ ఇకమీదట మీరు నడపకూడదు." చివరి వాక్యంలో "వీలైతే", "కొంచెం తగ్గించుకుంటే" వంటి మెత్తని మాటలు కలపకండి, రోగి ఇంటికి తీసుకువెళ్లేది ఆ మాటలనే. అదే వాక్యాన్ని మందుల చీటీ మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. మరిచిపోయే రోగి తాళాలు అడిగిన ప్రతిసారీ ఇంట్లోవారు వాదించకుండా చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది. అయినా ఆగకపోతే తాళాలు దాచడం, బండిని ఇంటి నుంచి తరలించడం వంటివి కుటుంబం చేయవలసి ఉంటుంది.

ఆయన కోపగించుకుంటే అడ్డుపడకుండా వినండి. నలభై, యాభై ఏళ్లుగా ఎవరినీ అడగకుండా తలుపు తీసుకుని వెళ్లిన మనిషి నుంచి ఆ స్వేచ్ఛను తీసుకుంటున్నాం.

ఆపిన తర్వాత

2016లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం డ్రైవింగు మానిన వృద్ధుల్లో కుంగుబాటు లక్షణాల ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. కనుక ఆపమని చెప్పిన రోజే, ఇక మీదట మందులకూ బజారుకూ గుడికో చర్చికో మసీదుకో స్నేహితుల ఇంటికో ఎలా వెళ్తారని అడిగి, ఒక్కోదానికీ ఎవరు తీసుకెళ్తారో రాయించండి. భార్యాభర్తల్లో రెండవవారు కూడా ఆ కారు మీదే ఆధారపడి ఉంటే వారి పరిస్థితి కూడా విడిగా అడగాలి. అవసరాలకు మాత్రమే కాక సరదా కోసం బయటికి వెళ్లే దారి కూడా ఆ జాబితాలో ఉండాలి. సాధారణంగా కుటుంబాలు మరిచిపోయేది దాన్నే.

కెనడాలోని ఒంటారియోలో 2012లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం ఈ పనికి రెండు ముఖాలనూ చూపింది. వైద్యులు నడపవద్దని అధికారికంగా హెచ్చరించిన రోగుల్లో తీవ్రమైన రోడ్డు ప్రమాదాలు దాదాపు 45 శాతం తగ్గాయి. అదే సమయంలో కుంగుబాటుతో ఆసుపత్రికి వచ్చినవారు పెరిగారు, హెచ్చరించిన వైద్యుని దగ్గరకు తిరిగి వెళ్లినవారు తగ్గారు. ప్రాణాలు దక్కుతాయి, కానీ మనిషి మన చేతి నుంచి జారిపోవచ్చు. అందుకే రోగి తనంతట తాను వస్తాడని ఎదురుచూడకండి. ఆపమన్న రెండు మూడు వారాల లోపు క్లినిక్ నుంచి ఫోన్ చేయించండి, నెలలోపు ఒక అపాయింట్‌మెంటు ఇవ్వండి, రావడానికి వాహనం లేకపోతే ఎవరు తీసుకొస్తారో ఆ ఫోన్‌లోనే ఏర్పాటు చేయించండి. వచ్చినప్పుడు నిద్ర, ఆకలి, ఆసక్తి ఎలా ఉన్నాయో, ఇల్లు వదిలి ఎన్నిసార్లు బయటికి వెళ్లారో అడగండి. మందులు తగ్గించడంవల్లో శుక్లం తీయించడంవల్లో సామర్థ్యం తిరిగి వచ్చే అవకాశమున్నవారికి, మొదట చెప్పిన తేదీకే మళ్లీ పూర్తి పరీక్ష చేసి, మెరుగుపడి ఉంటే నడపవచ్చని కూడా అంతే స్పష్టంగా రాసి ఇవ్వండి.